పెంపుకు పైపెంపు

మా అమ్మమ్మ పేకముక్కలు చేతిలోకి తీసుకుంటే కట్టలో ఉన్న నలుగురు రాజులూ లేచి నిలబడి కిరీటాలు సర్దుకుంటారు. జాకీలు మీసాలు దించేస్తారు. రాణులు "అక్క వచ్చిందే, ఇక కుదురుగా ఉండండి" అని ఒకరినొకరు గిల్లుకుంటారు. ప్రపంచంలో ఉన్న పేకాటరాయుళ్ళందరినీ ఒక్క బల్ల చుట్టూ కూర్చోబెట్టి మధ్యలో ఆవిడని దింపితే, పొద్దుగూకేసరికి వాళ్ళంతా ఒంటిమీది కోట్లు పోగొట్టుకుని, చేతులు కట్టుకుని, వరసగా మెట్లు దిగిపోతారు.

ఇందులో అబద్ధం ఉంటే ఉండొచ్చు, కొంచెమే.

నిజమేమిటంటే, ఆవిడ కోట్లు కుట్టే కార్ఖానాలో గుండీలు దూర్చే కాజాలు కుడుతుంది. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి. సైకిళ్ళ షాపు మీద మేడ, ఒకటే పొడుగాటి గది. మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, పైకి వెళ్ళాక తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె వాసన. తలమీద గుయ్యిమనే ట్యూబులైట్లు, గోడలకి వేలాడే ఖాకీ కాగితపు కొలతముక్కలు. గది మొత్తానికి కిటికీ ఒక్కటే. దాని కింద బల్ల అమ్మమ్మది. నలభై ఒక్క ఏళ్ళుగా ఆవిడ ఎడమ మోచెయ్యి ఆనిన చోట చెక్క అరిగి చిన్న గుంట పడింది. అందులో గుండీ వేస్తే దొర్లకుండా బుద్ధిగా కూర్చుంటుంది.

కాజా అంటే ఏముంది, చీలిక పెట్టి చుట్టూ దారం చుట్టడమేగా అనేవాళ్ళు ఒక్కటి కుట్టి చూపించాలి. చిన్న ఉలితో బట్టకి గాటు పెట్టాలి. ఆ గాటు అంచు వెంట ఒక్కో ముడీ పక్క ముడికి భుజం ఆనించేలా వేసుకుంటూ పోవాలి. ఒక్క ముడి వదులైనా నెల తిరిగేసరికి కాజా నోరు తెరుస్తుంది. అమ్మమ్మ కుట్టిన కాజా మాత్రం కోటు చిరిగిపోయాక కూడా నోరు మూసుకునే ఉంటుంది. ఆవిడ నోటికీ, కాజాకీ పోలిక లేదు.

ఇది కిటికీ వెలుగులోనే అయ్యే పని. ట్యూబులైటు కింద నల్లబట్ట, నల్లదారం, చేతి నీడ మూడూ ఒకటైపోతాయి. పైగా అమ్మమ్మకి ఈ మధ్య చూపు తగ్గింది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. అన్నవాళ్ళకి ఆ రోజంతా ఆవిడ నోటి నుంచి విముక్తి ఉండదు. సూదిలో దారం మూడోసారికి గానీ ఎక్కదు. మొదటి రెండుసార్లూ తప్పు సూదిది.

కాబట్టి కిటికీ పోతే అమ్మమ్మ పని పోయినట్టే. పోయినేడాది ఆ కిటికీ పోయేంత పని జరిగింది.

దానికి ముందు ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. ఇరవయ్యో ఏట ఆ మెట్లెక్కింది. అప్పటి యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "రోజుకి పది కాజాలు కుట్టగలవా?" అన్నాడు. ఇంకెవరైనా అయితే "కుడతానండి" అని తల వంచేవారు.

"ఇరవై కుడతాను. ఆ కిటికీ కింద బల్ల ఇస్తే," అంది అమ్మమ్మ.

కిటికీ కింద పెద్దాయన కూర్చుని భోంచేసేవాడు. "ఇవ్వకపోతే?"

"పదే కుడతాను. అదీ ఆ ఎదురు షాపులో."

ఎదురు షాపు తాళాలు బాగుచేసేది. ఆ సంగతి అమ్మమ్మకి తెలియదు, పెద్దాయనకి తెలుసు. అయినా ఆయన నవ్వు బిగబట్టుకుని తన భోజనం డబ్బా పక్కకి జరిపాడు. రోజుకి ఇరవై అన్నది, ఇరవై రెండు కుట్టి చూపించింది. అలా కిటికీ ఆవిడదైంది.

పేకాట నేర్పింది తాతయ్య. ఆయన బస్సు డ్రైవరు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డిపోలో పోకరు ఆడి గొడుగు పోగొట్టుకున్నాడు, ఆ తర్వాత చేతిగడియారం. ఒకరోజు చెప్పులు కూడా పోగొట్టుకుని ఇంటికి రాగానే అమ్మమ్మ ఆయన పాదాల వంక చూసి, "ఆ ఆటేదో నాకూ నేర్పు. ఇంట్లో ఇంక పోవడానికేం మిగిలిందో లెక్క చూసుకోవాలి," అంది.

ఆట తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి. తన రెండిటినీ, ఉమ్మడి ఐదింటినీ కలిపి ఎవరికి మంచివి కుదిరితే పందెం వాళ్ళది. మధ్యమధ్యలో పందెం పెంచొచ్చు. ఒకరు పెంచితే రెండోవారు ముక్కలు పడేసి తప్పుకోవచ్చు, అంతే పెట్టి కలవొచ్చు, లేదా ఆ పెంపు మీద ఇంకా పెంచొచ్చు. ఈ చివరిదాన్ని కార్ఖానాలో పైపెంపు అంటారు.

తాతయ్య ఎప్పుడూ కలిసేవాడు. "చూద్దాం" అన్నది ఆయన ఊతపదం. చేతిలో ఏమున్నా, ఎదుటివాడు ఎంత పెంచినా, చూద్దాం. చూసి చూసి చెప్పులు వదిలాడు. అమ్మమ్మ వారం రోజులు ఆయనతో ఆడి అసలు జబ్బు పట్టేసింది.

"కలిస్తే నెగ్గడానికి ఒకటే దారి, నీ ముక్కలు బాగుండాలి. పైపెంపు వేస్తే రెండు దార్లు. ముక్కలు బాగున్నా నెగ్గుతావు, అవతలివాడు జడిసి పడేసినా నెగ్గుతావు. రెండు గుమ్మాలున్న ఇంట్లో ఒక్క గుమ్మంలోనే తలకాయ కొట్టుకుంటావేమయ్యా?"

తాతయ్య తల గోక్కుని, "నిజమే. రేపు వేసి చూద్దాం," అన్నాడట. ఆయన పోయి ఆరేళ్ళవుతోంది. అమ్మమ్మ ఇప్పటికీ ఎవరైనా చూద్దాం అంటే ఒక్క క్షణం ఆగి, తర్వాత తిడుతుంది.

పేకాటలో పట్టుకున్న ఆ గుణాన్ని ఆవిడ ఆట దగ్గరే వదిలిపెట్టలేదు. ఇల్లుగలావిడ నీళ్ళు రోజు విడిచి రోజు ఇస్తానంటే, పంపు మరమ్మతు తనే చేయిస్తానని, రోజుకి రెండుపూటలా వదలాలని తేల్చేసింది. డాక్టరు నెల మందులు రాస్తే పదిహేను రోజుల్లో నయం చేస్తావా చెయ్యవా అని కుర్చీ ముందుకి లాక్కుంది. అన్నిసార్లూ నెగ్గిందని కాదు. ఇది రాస్తున్న మనవరాలు తొమ్మిదో తరగతిలో మాస్టారి కుర్చీకి జిగురు పూసినప్పుడు, వారం రోజులు బడికి రావద్దన్నారు. అమ్మమ్మ బడికి వెళ్ళి హెడ్మిస్ట్రెస్ బల్ల మీద చెయ్యేసి, "వారమేంటి, నెల రోజులు ఇంట్లోనే ఉంచుకుంటాం. మీరే వచ్చి పిలవండి," అంది. ఆ హెడ్మిస్ట్రెస్ మంచి ఆటగత్తె. ఈరోజుకీ పిలవలేదు. అందుకే ఈ రాతలో అక్కడక్కడా తప్పులుంటే ఎవరినడగాలో మీకు తెలిసింది.

ఇక కిటికీ సంగతి.

కార్ఖానాలో పెద్దాయన పెట్టిన ఒక కట్టుబాటు ఉంది. బల్లల కోసం తగాదా వస్తే అరుచుకోకూడదు, ముక్కలు పంచుకోవాలి. ఏడాదికొకసారి కార్ఖానా మూసి శుభ్రం చేసే ఆదివారానికి ముందు శుక్రవారం, భోజనాల సమయంలో, ఆ బల్ల కావాలన్నవాళ్ళు ఆడాలి. పందేలకి డబ్బు కాదు, పాతకోట్ల నుంచి కోసి డబ్బాలో దాచిన గుండీలు. కింద సైకిళ్ళ షాపువాడు భోంచేసి వచ్చి షట్టరు ఎత్తే చప్పుడు వినపడితే ఆట అయిపోయినట్టు. అప్పటికి ఎవరి దగ్గర గుండీలు ఎక్కువుంటే బల్ల వాళ్ళది. పెద్దాయన పోయాక ఆయన కూతురు యజమానురాలైంది, కట్టుబాటు మాత్రం మారలేదు. మిగతా శుక్రవారాల్లో అదే ఆట సరదాకి నడుస్తుంది.

అమ్మమ్మ కిటికీకి ఏనాడూ ఎవరూ పోటీ రాలేదు. పోయినేడాది కటింగ్ మాస్టర్ వచ్చాడు.

మాస్టర్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. నలభై ఏళ్ళ మనిషి, చెవి మీద పెన్సిలు, అన్నం తినేటప్పుడు కూడా మెడలో టేపు. అతను గీసిన గీత మీద కత్తెర కళ్ళు మూసుకుని నడుస్తుంది. అతనికి కిటికీ ఎందుకంటే, ట్యూబులైటు కింద ముదురునీలం బట్ట నల్లగా కనపడి, ఒక నల్లకోటుకి నీలం చెయ్యి కోసేశాడు. కోటు మొత్తం పాడైంది. అతని బాధలో న్యాయం ఉంది. ఆ న్యాయం అమ్మమ్మ బల్ల మీద పడింది.

"పెద్దమ్మా, ఈసారి కిటికీ బల్లకి నేనూ కూర్చుంటున్నా," అన్నాడు ఒకరోజు, టేపు చుట్టుకుంటూ.

"కూర్చో. లేచేటప్పుడు నడుం జాగ్రత్త."

"మీ మంచికే చెప్తున్నా. ఈ వయసులో ఇంకా ఎన్నాళ్ళు కుడతారు? హాయిగా ఇంట్లో కూర్చోక."

"నా మంచి నీ టేపుకి అందదులే మాస్టరూ. నువ్వు నెగ్గితే కిటికీ నీది. నేను నెగ్గితే?"

"మీ కిటికీ మీకుంటుంది."

"అది ఇప్పుడూ ఉంది. ఉన్నదాన్నే గెలుచుకోడానికి నేను గంటసేపు నీ మొహం చూడాలా? ఆ కిటికీకి సగం అట్ట కొట్టి నీ కొలతముక్కలు వేలాడదీశావు కదా. నేను నెగ్గితే ఆ అట్ట ఊడదియ్యాలి. కిటికీ మొత్తం నాది."

పక్కన ఇస్త్రీ చేస్తున్న బాబాయి ముసిముసిగా నవ్వి, "అక్క అప్పుడే పైపెంపు వేసేసింది," అన్నాడు. యజమానురాలు లోపలి నుంచి వచ్చింది. చిన్నప్పుడు అమ్మమ్మ బల్ల కింద గుండీలతో ఆడుకున్న పిల్లే ఆవిడ.

"పిన్నీ, ఎందుకొచ్చిన గొడవ? ఎలాగూ కాజాల మిషను కొందామనుకుంటున్నాం. నీ కళ్ళు కూడా..."

"నా కళ్ళు నా మొహం మీదున్నాయి అమ్మాయ్, నీ లెక్కల పుస్తకంలో కాదు. ముక్కలు పంచమను."

ఆటకి ముందు పన్నెండు శుక్రవారాలు మాస్టర్ తన పద్ధతిలో సిద్ధమయ్యాడు. సరదా ఆటల్లో అమ్మమ్మ పైపెంపు వేసి, చివరికి ముక్కలు తెరిచినప్పుడల్లా, అవేమిటో ఖాకీ కాగితం మీద రాసుకున్నాడు. పద్నాలుగుసార్లు. ఆసుల జత, రాజుల జత, రాణుల జత, ఆసూ రాజూ. పద్నాలుగుసార్లూ పెద్ద ముక్కలే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇస్త్రీ బాబాయితో గర్వంగా చెప్పాడు: "పెద్దమ్మ గుట్టు దొరికింది. ఆవిడ పైపెంపు వేసిందంటే చేతిలో బంగారమే. తప్పుకుంటే సరి. మిగతా ఆటలన్నీ నావి."

బాబాయి కడుపులో ఏదీ నిలవదు. సాయంత్రానికల్లా ఆ మాట అమ్మమ్మకి చేరింది. ఆవిడ ఇంటికొచ్చి మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టి ముక్కలు పంచింది.

"నువ్వు మాస్టరువి. పెంచు."

మనవరాలు ఆరు గుండీలు పెట్టింది. అమ్మమ్మ ఇరవై పెట్టింది. మనవరాలు పడేసింది. మళ్ళీ ఆరు, మళ్ళీ ఇరవై. నాలుగోసారి మనవరాలికి ఒళ్ళు మండి ఆవిడ ముక్కలు లాక్కుని చూసింది. ఆసూ, నాలుగూ.

"ఇది చెత్త కదే అమ్మమ్మా!"

"చెత్తే. కానీ పనికొచ్చే చెత్త. కట్టలో నాలుగు ఆసులు. ఒకటి నా దగ్గరుంటే అవతలివాడి చేతిలో ఆసుల జత ఉండే వీలు సగానికి పడిపోతుంది. వాడు తిరగబడే భయం తక్కువ. అందుకని పెద్ద ముక్కలతో వేస్తా, ఇలాంటి చెత్తతో వేస్తా. మధ్యరకంతో మాత్రం వెయ్యను. పదీ జాకీ లాంటివి. షాపులో చూడ్డానికి బాగుంటాయి, ఉతికితే కుదించుకుపోతాయి."

"మరి ప్రతిసారీ ఇరవయ్యే ఎందుకు? రాజులొస్తే నలభై పెట్టొచ్చుగా?"

"అప్పుడు నా మొహం చూడక్కర్లేదు, గుండీలు చూస్తే చాలు వాడికి. బట్ట ఏదైనా కొలత ఒకటే ఉండాలి. మీ మాస్టారి కుర్చీకి జిగురు పూసినప్పుడు నువ్వు నవ్వాపుకోలేకపోయావు చూడు, అందుకే దొరికిపోయావు."

"మాస్టర్ కాగితంలో ఈ ఆసూ నాలుగూ లేవేం?"

అమ్మమ్మ ఆ ప్రశ్నకి మనవరాలి చెంప మీద చిన్నగా తట్టింది. ఆవిడ చేతిలో అది పతకం. "వాడు చూసిన ముక్కలే రాశాడు. అందరూ పడేసి పారిపోయినప్పుడు నేను ముక్కలు తెరవను కదా. చెత్తతో వేసినప్పుడు ఎవరైనా కలిసినా, చివరిదాకా రాకుండా మధ్యలోనే పడేస్తాను. ఇంక వాడెక్కడ చూస్తాడు? ఫిటింగుకి తిరిగొచ్చిన కోట్లని మాత్రమే కొలిచి, ఊళ్ళో జనమంతా ఈ కొలతే అన్నట్టుంది వాడి తెలివి."

శుక్రవారం వచ్చింది. ఆట తన కటింగు బల్ల మీద, లోపల ట్యూబులైటు కింద పెట్టాలన్నాడు మాస్టర్. బల్ల వెడల్పని సాకు. "చీకటిగదిలో పెట్టినా వస్తా," అని అమ్మమ్మ తన కుర్చీ తనే లాక్కుని వెళ్ళింది.

ఇద్దరికీ చెరి రెండు వందల గుండీలు. ఇస్త్రీ బాబాయి పంచేవాడు. ముక్కలు చూడకముందే ఒకరు ఒక గుండీ, రెండోవారు రెండు గుండీలు మధ్యలో పెట్టాలి. ఈ వంతు ప్రతి ఆటకీ మారుతుంది. ఒకటి పెట్టినవారు ముందు మాట్లాడాలి. మిషన్లన్నీ ఆగిపోయాయి. భోజనం డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని అందరూ చుట్టూ చేరారు.

మాస్టర్ ఆరు పెట్టాడు. అమ్మమ్మ ఇరవై పెట్టింది. మాస్టర్ తలూపి పడేశాడు. మళ్ళీ అంతే. అమ్మమ్మ చేతిలో ఒకసారి ఆసూ మూడూ, ఒకసారి ఆసూ ఐదూ. అతను నొచ్చుకోలేదు. పోయేది ఆరే, మిగతా ఆటల్లో నిదానంగా రాబట్టుకుంటున్నాడు. ఒకసారి అమ్మమ్మ ఇరవై మీద అరవై పెట్టాడు. అతని దగ్గర నిజంగానే ఏదో ఉందని అమ్మమ్మ తప్పుకుంది. అరగంటకి ఇద్దరూ ఇంచుమించు సమానం.

అప్పుడు జరిగింది అసలు దెబ్బ. అమ్మమ్మకి రెండు ఇస్పేట్లు వచ్చాయి. ఉమ్మడి ముక్కల్లో మూడు నల్లవి. ఆ మూడూ ఇస్పేట్లే అయితే తన రెండిటితో కలిపి ఐదూ ఒకే గుర్తు, పెద్ద చెయ్యి. ఆవిడ చూసింది, తల వెనక్కి వంచి మళ్ళీ చూసింది. రెండు ఇస్పేట్లు, మూడోది కళావరు ఎనిమిది. చివర్లో మాస్టర్ గట్టిగా పెంచాడు. అమ్మమ్మ పడేసింది. అప్పటికే ముప్పై గుండీలు లోపలికి వెళ్ళిపోయాయి. బాబాయి ముక్కలు ఏరుతుంటే ఆ ఎనిమిది ఆవిడ ముక్కు కిందనుంచి వెళ్ళింది. కళావరు కాదు, ఇస్పేటే.

బాబాయి చూశాడు. ఆవిడ చూడటం చూశాడు. కడుపులో ఏదీ నిలవని మనిషి ఆ ఒక్కటీ మూడు నెలలు దాచాడు.

అమ్మమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రేపటి నుంచి రోజూ ఇదే వెలుగులో, నల్లబట్ట మీద నల్లదారం. ఎన్ని కాజాలు నోళ్ళు తెరుస్తాయి? నెలా? నెలన్నరా? తర్వాత ఇక విశ్రాంతి తీసుకోమంటూ యజమానురాలు బొకే పట్టుకుని వస్తుంది. ఆవిడకి అన్నిటికంటే ఆ బొకే మీద ఒళ్ళు మండింది.

"ఆగిపోయారేంటి పెద్దమ్మా, అలసిపోయారా?"

"నువ్వు ముసలాడివయ్యేదాకా ఆగుదామనుకున్నా, మరీ ఆలస్యం చేస్తున్నావు. పంచు తమ్ముడూ."

ఆవిడ దగ్గర నూటడెబ్భై, అతని దగ్గర రెండొందల ముప్పై. షట్టరు లేవడానికి పది నిమిషాలకి మించి లేదు. ఆరేసి గుండీలు ఏరుకుంటే ఆ గుంట పూడదు. ఒక్క పెద్ద పందెం కావాలి. కానీ ఆవిడ పైపెంపు వేస్తే మాస్టర్ జేబులో కాగితాన్ని తలుచుకుని పారిపోతున్నాడు. ఇప్పుడు నిజంగా బంగారం వచ్చినా కొనేవాడు లేడు. అమ్మమ్మకి ఆ కాగితం ఇంతసేపూ స్నేహితుడు. ఇక దాన్ని చంపాలి.

ముక్కలొచ్చాయి. తొమ్మిదీ మూడూ, గుర్తులు కూడా కలవలేదు. ఇంతకంటే దరిద్రపు ముక్కలు వెతికినా దొరకవు. మాస్టర్ ఆరు పెట్టాడు. అమ్మమ్మ ఇరవై పెట్టింది.

మాస్టర్ ఈసారి చాలాసేపు ఆలోచించాడు. పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీద పెట్టాడు. చివరికి తన ముక్కలు బోర్లా కాకుండా అందరికీ కనపడేలా తెరిచి పడేశాడు. రెండు పదులు.

"చూశారా? పదుల జత పడేస్తున్నా. ఆటంటే నిగ్రహం. పెద్దమ్మ చేతిలో ఏముందో నాకు కనపడుతూనే ఉంది."

"అంత బాగా కనపడుతోందా నాయనా?" అని అమ్మమ్మ తన రెండు ముక్కలూ తిప్పి బల్ల మీద పెట్టింది.

తొమ్మిది. మూడు.

గది గదంతా గొల్లుమంది. ఎవరిదో స్పూను కిందపడింది. "మాస్టరుకి ఎక్సురే కళ్ళు!" అని ఎవరో వెనకనుంచి అరిచారు. మాస్టర్ మొహం మాడిపోయింది. అతని చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళి, కాగితం ఉందో లేదో తడిమి చూసింది. పద్నాలుగుకి పద్నాలుగు ఉన్న కాగితం. దానిలో తొమ్మిదీ మూడుకి చోటు లేదు.

"అంటే ఇంతసేపూ..." అన్నాడు.

"ఏమో నాయనా. నేను ముసలిదాన్ని, ఏం వేశానో గుర్తుండి చస్తుందా?"

తర్వాతి ఆటలో అమ్మమ్మ వంతు గుండీ ఒకటి పెట్టి, ముక్కలు చూసి, మారుమాట్లాడకుండా పడేసింది. నూటడెబ్భై ఐదు మిగిలాయి. ఆ తర్వాత ఆటకి చేతిలో ముక్కల్ని మూర దూరంలో పట్టుకుని చూసింది. రాజు. ఇంకో రాజు. రాజులకి గుర్తులతో పని లేదు. ఏ వెలుగులోనైనా రాజులే.

మాస్టర్ ఆరు పెట్టాడు.

అమ్మమ్మ ఇరవై లెక్కపెట్టి తోసింది. తొమ్మిదీ మూడుకి తోసినట్టే, అదే చెయ్యి, అదే నిదానం.

మాస్టర్ నవ్వాడు. కోపంగా ఉన్నవాడు నవ్వే నవ్వు. "ఇక చాలు పెద్దమ్మా," అని అరవై పెట్టాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నమలడం మానేశారు. అమ్మమ్మ అరవై వంక చూసింది, తన కుప్ప వంక చూసింది. రెండు అరచేతులూ కుప్ప వెనక పెట్టి, పిండి ఊడ్చినట్టు మొత్తం మధ్యలోకి నెట్టేసింది.

"నూటడెబ్భై ఐదు. ఇంకో నూటపదిహేను పెట్టు, లేకపోతే మళ్ళీ నిగ్రహం చూపించు."

ఆ ఆఖరి మాటే మాస్టర్ని తినేసింది. పదులు పడేసిన నవ్వులు ఇంకా గదిలోనే ఉన్నాయి. అతను లెక్కపెట్టకుండా రెండు గుప్పెళ్ళు మధ్యలో పోసి, బాబాయి సరిచేస్తుంటే తన ముక్కలు తెరిచాడు. ఆసూ రాణీ. చెడ్డవేం కాదు. అమ్మమ్మ రాజుల్ని తెరిచింది. మాస్టర్ టేపు రెండు కొసలూ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు ఒక్క ఆసు పడితే కిటికీ అతనిది. బాబాయి మూడు ముక్కలు తెరిచాడు. ఆరు, జాకీ, రెండు. నాలుగోది ఇంకో ఆరు. బాబాయి చేతి చెమటకి ఐదోది వేలికి అంటుకుపోయింది. విదిలిస్తే పడింది. రాణి.

"వచ్చింది!" అని మాస్టర్ ఎగిరాడు. ఎగిరినవాడు గాల్లో ఉండగానే లెక్క చూసుకున్నాడు. రాణుల జత కంటే రాజుల జత పెద్దది.

మూడొందల యాభై గుండీలు అమ్మమ్మ వైపు జరుగుతుండగానే కింద షట్టరు గరగరమంటూ లేచింది. మాస్టర్ ముందు యాభై మిగిలాయి.

"అదృష్టం పెద్దమ్మా. రాజులొచ్చాయి," అన్నాడు.

"రాజులు రావడం అదృష్టమే. ఆ రాజులకి నూటపదిహేను గుండీల గిరాకీ రావడం నా పని. నిచ్చెన తెచ్చి అట్ట ఊడదియ్యి."

యజమానురాలు ఏదో అనబోయింది. "పిన్నీ, రేపు తీరిగ్గా..."

"ఇప్పుడే. షట్టరు లేచిందంటే లెక్క తేలినట్టే."

మాస్టర్ నిచ్చెన ఎక్కాడు. నాలుగు మేకులు లాగితే అట్ట, దాంతోపాటు అతని కొలతముక్కలూ ఊడి వచ్చాయి. ఏళ్ళ తరబడి ఆ సగం గాజు మీద పేరుకున్న దుమ్ములోంచి వెలుగు లోపలికి వచ్చి, అమ్మమ్మ బల్ల దాటి, రెండో వరసలో మిషన్ల దాకా పడింది. మాస్టర్ నిచ్చెన మీదే ఉండి జేబులోంచి ఒక బట్టముక్క తీసి ఆ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నీలమో, నలుపో.

అమ్మమ్మ అది చూసింది. "రంగు చూసుకోవాలంటే నా బల్ల దగ్గరికి తెచ్చుకో. పొద్దున పది నుంచి పదకొండు దాకా. అడిగి తెచ్చుకో," అని చెప్పి, కుర్చీ వెనక్కి లాక్కుని వచ్చి, నల్లకోటు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మర్నాడు పది గంటలకి మాస్టర్ వచ్చి అడిగాడు. ఇప్పటికీ రోజూ అడుగుతున్నాడు. కాజాల మిషను మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా రాసుకుని మనవరాలు మొన్న కార్ఖానాకి వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది. రాజులు కిరీటాలు సర్దుకునే చోట గొంతు పెంచి మరీ చదివింది. అమ్మమ్మ తలెత్తలేదు. కాజా చివరి ముడి వేసి, దారం పళ్ళతో కొరికింది.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"చూపు తగ్గిందని రాసిన చోటు కొట్టెయ్. మిగతా అబద్ధాలు ఉంటే ఉండనీ."